కిటికీలు లేని గోడలు, అరువు ఆకాశం: ఒక గుంటూరు కోల్డ్ స్టోరేజీ కేసు

గుంటూరులో ఏటుకూరు రోడ్డు వైపు మిర్చి కోల్డ్ స్టోరేజీలు నడిపే ఒక కుటుంబం కొత్త ఆఫీసు కట్టించుకుంది. రిసెప్షన్ గోడకు పెద్ద ప్రింట్లు, సమావేశ గదికి మరికొన్ని, బయటి దేశాల కొనుగోలుదారులకు ఇచ్చే బ్రోచరుకు ఒక సెట్టు కావాలన్నారు. లోపలి అలంకరణ చూస్తున్న విజయవాడ ఆర్కిటెక్టు, ఫోటోగ్రాఫర్‌నైన నన్ను పిలిచి, నమూనాగా ఫోటోలు అతికించిన ఒక బోర్డు పంపించారు. పాతిక దాకా ఉన్నాయి, అన్నీ నలుపు తెలుపే. అన్నింటిలో ఆకాశం దాదాపు నల్లగా ఉంది, మబ్బులు చారలుగా సాగి ఉన్నాయి, కింది నుంచి తలెత్తి చూసిన భవనం అంచు ఒక్కటే మెరుస్తోంది. మనిషి లేడు, బండి లేదు, కరెంటు తీగ లేదు. దుబాయ్ ఏదో షాంఘై ఏదో కింద పేరు చదివితే తప్ప తెలియదు.

"ఈ మూడ్ కావాలి మేడమ్" అన్నారు. ఆయన చెప్పింది అంతే.

ఆ బోర్డులోంచి ఏది తీసుకున్నాను, ఏది వదిలేశాను, ఎందుకు అన్నది ఈ కేసు. భవనాల ఫోటోలు తీసేవారికీ తీయించుకునేవారికీ పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను. క్లయింటు పేరు అవసరం లేదు.

బోర్డును విడదీయడం

నమూనాలు వచ్చినప్పుడు ముందు ఒక్కో ఫోటోలో చీకటి ఎక్కడి నుంచి వచ్చిందో చూస్తాను. పైకి ఒకేలా కనిపించినా అన్ని చీకట్లూ ఒక చోట పుట్టినవి కావు.

ఫోటోగ్రాఫర్ మైకేల్ కెన్నా 1980లలో ఇంగ్లండులోని రాట్‌క్లిఫ్ విద్యుత్ కేంద్రాన్ని పదే పదే తీశాడు. ఆయన చీకటి చాలావరకు అసలు చీకటే. రాత్రిపూట, తెల్లవారుజామున, మంచులో నిలబడి చాలాసేపు షట్టరు తెరిచి ఉంచడం వల్ల వచ్చింది. ల్యూసియన్ ఎర్వే సంగతి వేరు. 1949 నుంచి ఆర్కిటెక్టు ల కార్బూజియే కట్టడాలను తీసిన మనిషి ఆయన, మన చండీగఢ్ కూడా అందులో ఉంది. ఆయన నలుపు మండుటెండలో కాంక్రీటు మీద పడ్డ నీడ. ప్రింటును కత్తెరతో నిర్దాక్షిణ్యంగా కత్తిరించి ఆ నీడకు పదును పెట్టేవాడు. హిరోషి సుగిమోటో 1997లో మొదలుపెట్టిన భవనాల వరుసలో ఫోకస్‌ను అనంతం దాటించి వివరమంతా కరిగించాడు. పేరున్న కట్టడం అలా కరిగాక కూడా గుర్తుపట్టగలమా అన్నది ఆయన పరీక్ష.

బోర్డులో ఉన్నవి మాత్రం ఎక్కువగా నాలుగో రకం. డచ్ ఫోటోగ్రాఫర్ యూల్ చించెలార్ వంటివారి చేతుల్లో పేరు తెచ్చుకున్న పద్ధతి అది. లెన్సుకు ముదురు ఎన్‌డీ ఫిల్టరు (వెలుగు తగ్గించే అద్దం) పెట్టి, షట్టరు చాలాసేపు తెరిచి ఉంచి మబ్బులను సాగదీస్తారు. తరవాత కంప్యూటరులో భవనం ఒక్కో ముఖాన్నీ విడిగా ఎంచుకుని, చీకటి నుంచి వెలుగుకు చేత్తో దిద్దుతారు. ఆ పని తక్కువదని నేను అనను. బాగా చేసినవాళ్ల ప్రింటు ముందు నిలబడితే పెన్సిలుతో నీడలు వేసిన బొమ్మ చూస్తున్నట్టే ఉంటుంది, ఓపికా చెయ్యీ రెండూ కనిపిస్తాయి. చిక్కు ఎక్కడంటే, ఆ పద్ధతిని పాఠాలుగా చెప్పడం సులువు. వెలుగు ఎటు నుంచి పడాలో కూడా పాఠమే నిర్ణయిస్తుంది గనుక, కింద ఏ భవనం పెట్టినా దాదాపు అదే ఫలితం వస్తుంది.

బోర్డును పెద్దది చేసి చూస్తే రెండు వేర్వేరు నగరాల ఫోటోల్లో ఒకే మబ్బు కనిపించింది, ఒకదానిలో కుడి ఎడమలు తిప్పి పెట్టారు. ఫోటోషాప్‌లో ఆకాశాన్ని మార్చే సాధనం 2020 అక్టోబరులో వచ్చింది. అప్పటి నుంచి ఇలాంటివి ఎక్కువగా దొరుకుతున్నాయి. ఆర్కిటెక్టుకు చూపించాను. నవ్వి, "అయినా బాగుంది కదా" అన్నారు. బాగుంది, కాదనలేను.

మన దగ్గర పునరావృతం లేదనుకోవద్దు. ప్రకాశం బ్యారేజీ మీద నీలి సంధ్య, నురుగులా సాగిన నీళ్లు, డెబ్బై గేట్ల వరుస. విజయవాడలో ట్రైపాడ్ కొన్న ప్రతివాడి మొదటి ఫోటో అదే. 2020లో కనకదుర్గ ఫ్లైఓవరు తెరిచాక రెండో ఫోటో కూడా ఖాయమైంది: వంపు తిరిగిన వంతెన, దాని మీద ఎర్రటి తోకదీపాల గీతలు. వాటి మీద నాకు ఫిర్యాదు లేదు. పండగ శుభాకాంక్షలకు అవి చాలు. కానీ సొంత ఆఫీసు గోడకు డబ్బు పెట్టి వేయించుకునే ఫోటో వేరే పని చేయాలి.

పెద్దాయన అడిగిన చారలు

మాటలతో వాదించడం కంటే బోర్డు శైలిలోనే ఒక ఫోటో తీసి బల్ల మీద పెట్టడం మేలనుకున్నాను. కోల్డ్ స్టోరేజీ గోడలు ఆ శైలికి పుట్టుకతోనే తగినవి. చలి పోకూడదు గనుక కిటికీలుండవు. ఎత్తయిన, బోసి, తెల్లటి ముఖాలు. మినిమలిజం అంటూ విదేశాల్లో వెతుక్కునేవి ఏటుకూరు రోడ్డులో వరుసగా నిలబడి ఉంటాయి.

వేసవిలో ఇది కుదరదు. మార్చి నుంచి జూన్ దాకా గుంటూరు ఆకాశం సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటుంది. దాన్ని పది నిమిషాలు తీసినా తెలుపే వస్తుంది. నైరుతి రుతుపవనాలు వచ్చాక మబ్బులు పడమటి నుంచి తూర్పుకు నడుస్తాయి. కాబట్టి పొద్దున్నే తూర్పు గోడ కింద నిలబడి పడమటికి చూస్తూ తీస్తే రెండూ కలిసివస్తాయి. గోడ మీద ఎండ పడుతుంది, మబ్బులు కప్పు మీది నుంచి మన వైపు వస్తూ విసనకర్రలా విచ్చుకుంటాయి. అడ్డంగా వెళ్లే మబ్బులైతే పట్టీలు పట్టీలుగా వచ్చి చప్పబడతాయి. ఎఫ్/8 దగ్గర సెకనులో 125వ వంతు ఉన్న ఎక్స్‌పోజరుకు పదహారు స్టాపుల ఫిల్టరు పెడితే, ఒక్కో స్టాపుకూ సమయం రెట్టింపవుతుంది గనుక, 65,536 రెట్లు పెరుగుతుంది, అంటే తొమ్మిది నిమిషాలకు కొంచెం తక్కువ. మన ఉక్కలో సెన్సరు వేడెక్కి చుక్కలు పడతాయి. వాటిని తీసేయడానికి కెమెరా మరో తొమ్మిది నిమిషాలు తీసుకుంటుంది. ఆ లోపల వెలుగు మారిపోతుంది.

ఫోటో బాగా వచ్చింది. బోర్డులో పెడితే విడిగా తెలియనంత బాగా. ప్రింటు వేసి తీసుకెళ్లాను. ఆర్కిటెక్టు వెంటనే సరేనన్నారు. సంస్థ మొదలుపెట్టిన పెద్దాయన కళ్లజోడు పెట్టుకుని దగ్గరికి వచ్చి చూశారు.

"బాగుందమ్మా. ఎక్కడిది?"

"మన మూడో యూనిట్టేనండీ."

ఆయన మళ్లీ చూశారు. "మూడో యూనిట్టుకు పిట్టగోడ కింద వాన చారలుండాలే. మూడు పెద్దవి, పక్కన ఒక చిన్నది. తూము సరిగ్గా పెట్టలేదని మేస్త్రీతో అప్పట్లో గొడవ కూడా పడ్డాను. అవి ఏవి?"

అవి ఆ శైలిలో నిలవవు. గోడ ముఖం చీకటి నుంచి వెలుగుకు నున్నగా జారాలంటే ముందు మరకలే పోవాలి. అలా తుడిచిన చారలతోనే పెద్దాయన తన గోడను గుర్తుపడతారు. ఆర్కిటెక్టు నా వైపు చూశారు, నేను ఆయన వైపు చూశాను. "మేడమ్, మీ మనసులో ఉన్నది కూడా తీసుకురండి, చూద్దాం" అన్నారు. పని నిజంగా అక్కడి నుంచి మొదలైంది.

చాంబరు తలుపు దగ్గర

గుంటూరులో మసక కావాలంటే ఎక్కడ దొరుకుతుంది? ఆకాశంలో ఏడాదికి కొన్ని వారాలే. కోల్డ్ స్టోరేజీలో మాత్రం రోజూ దొరుకుతుంది.

చాంబరు లోపల అయిదారు డిగ్రీలుంటుంది. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో బయట గాలి తడిసిన గుడ్డలా ఉంటుంది. తలుపు తీయగానే చల్లగాలి నేల మీదుగా బయటికి జారుతుంది, తేమగాలి పై భాగం నుంచి లోపలికి దూరుతుంది, రెండూ కలిసే చోట పొగమంచు పుడుతుంది. గడప దాటి లోడింగ్ ప్లాట్‌ఫాం మీద మోకాలెత్తున పరుచుకుంటుంది. తలుపు మూసిన కాసేపటికి మాయమవుతుంది. ఎవరూ తయారుచేయనక్కరలేదు. ఎవరి పాఠాల్లోనూ లేదు.

తలుపు నా కోసం తెరిచి పెట్టరు. అడిగి చూశాను. "కుదరదమ్మా. చలి పోతే మళ్లీ మోటార్లు తిరగాలి, గుమస్తాగారు మా మీద పడతారు" అన్నాడు ముఠా మేస్త్రీ. న్యాయమే. అందుకని సరుకు బయటికి తీసే వేళల్లోనే తీయాలి. మిర్చి యార్డుకు పంపే టిక్కీలను (మిర్చి బస్తాలను) తెల్లవారకముందే లారీకి ఎక్కిస్తారు. ఆ వేళ బయట చీకటిగా ఉంటుంది, చాంబరులో బల్బు వెలుగుతూ ఉంటుంది. పొగమంచు వెనక నుంచి వెలుగు పడితేనే కనిపిస్తుంది. ఫ్లాష్‌తో ముందు నుంచి కొడితే తెల్లటి గోడలా నిలబడి వెనక ఉన్నదాన్నంతా మింగేస్తుంది. నేను ఏ దీపమూ తీసుకెళ్లలేదు.

షట్టరు విషయంలో ఈ చోటు బోర్డుకు పూర్తిగా ఎదురు తిరిగింది. మంచును సెకన్ల పాటు తీస్తే దాని ఆకారం చెరిగి బూడిద రంగు పొర ఒక్కటే మిగులుతుంది. సెకనులో పదిహేనో వంతు దగ్గర చుట్టలు చుట్టలుగా నిలిచింది. టిక్కీ మోస్తున్న మనిషి కాళ్లు కాస్త చెదిరాయి, భుజం మీది గోనె స్పష్టంగా ఉంది. ఎన్‌డీ ఫిల్టరు సంచిలోంచి బయటికే రాలేదు.

ఇదే పని పెట్టుకునేవారికి ఒక ముఖ్యమైన సంగతి. కెమెరా బయట ఉంటే ఇబ్బంది లేదు. వెచ్చగా ఉన్న కెమెరాను చాంబరులోకి తీసుకెళ్లినా లెన్సు మసకబారదు. చల్లబడ్డ కెమెరా తేమగాలిని తాకిన క్షణాన నీళ్లు కారుతుంది. గడప మీద నిలబడి లోపలి నుంచి బయటికి తీయాలనుకుంటే సరిగ్గా అదే జరుగుతుంది. అందుకని బయటి ఫోటోలకు ఒక కెమెరా, లోపలి వాటికి ఒకటి పెట్టుకున్నాను. లోపలి దాన్ని అక్కడే గాలి చొరని సంచిలో కట్టి బయటికి తెచ్చి, వెచ్చబడేదాకా ముడి విప్పలేదు. మిర్చి ఘాటుకు నాకు మాస్కు తప్పదు. మేస్త్రీకి అది అవసరం లేదు, ఆయన నా తుమ్ములు చూసి నవ్వుకునేవాడు.

లోపల చెక్క పలకల అంతస్తులు, వాటి మధ్య సందులు, పైన మంచు పేరుకుని తెల్లబడ్డ అమోనియా గొట్టాలు. గుడి లోపలి చీకటికి అలవాటు పడ్డ కళ్లు ఇక్కడ కూడా నెమ్మదిగా తెరుచుకుంటాయి. 1903లో ఫ్రెడరిక్ ఎవాన్స్ ఇంగ్లండులోని వెల్స్ చర్చిలో అరిగిన మెట్లను తీశాడు. కాళ్లు అరగదీసిన రాయి అలల్లా కనిపించే ఫోటో అది. చాంబరు మెట్ల చెక్కలు కూడా మధ్యలో పల్లం పడి ఉన్నాయి. వాటిని తీస్తున్నప్పుడు ఎవాన్స్ గుర్తురాలేదంటే అబద్ధం. వంద ఫోటోలు చూసిన కన్ను వాటిని మరిచిపోయి చూడలేదు. అలా మరిచిపోయి చూడడమే స్వతంత్రత అనుకుంటే ఎవరికీ స్వతంత్రత మిగలదు. నేను చూసుకున్నది ఒకటే: ఈ పల్లం ఇక్కడిదేనా, వెలుగు ఇక్కడిదేనా. రెండూ ఇక్కడివే.

రంగు విషయం తేలడానికి కొంత సమయం పట్టింది. నలుపు తెలుపులో ఎరుపు మన చేతిలో ఉంటుంది. ఎర్ర ఛానెలు పెంచితే మిరపకాయ పాలిపోయి తెల్లబడుతుంది, నీలం పెంచితే బొగ్గవుతుంది. ఏది చేసినా మిర్చి మిర్చిగా ఉండదు. పైగా తలుపు పక్క గోడ మీద భుజమెత్తున ఒక ఎర్రటి పట్టీ ఉంది. ఏళ్ల తరబడి టిక్కీలు, చేతులు రాసుకుని పట్టిన కారం ధూళి. నలుపు తెలుపులో అది ఉత్త మురికిలా కనిపిస్తుంది. అందుకని తలుపు ఫోటోలు రంగులోనే ఉంచాను, వెలుగు మాత్రం బాగా తగ్గించి. ఆర్కిటెక్టుకు ఇది ఇష్టం లేదు. మూడ్ అంటే నలుపు తెలుపే అని ఆయనకు గట్టి నమ్మకం.

కావాలని చేసిన పునరావృతం

సమావేశ గదికి ఇచ్చిన వరుస మరో రకం. సంస్థకు ఆరు యూనిట్లున్నాయి, వేర్వేరు కాలాల్లో కట్టినవి. ఆరింటి పక్క గోడలనూ ఎదురుగా, ఒకే ఎత్తు నుంచి, మబ్బు పట్టిన వెలుగులో, నీడ పడకుండా తీసి రెండు వరుసల్లో అమర్చాను. చూడగానే ఆర్కిటెక్టు అన్నారు: "ఇది బెషర్ల కాపీ కదా?"

నిజమే, పద్ధతి వాళ్లదే. బెర్న్‌డ్, హిల్లా బెషర్ దంపతులు 1959 నుంచి జర్మనీలోనూ ఇతర దేశాల్లోనూ నీటి ట్యాంకులను, బొగ్గు గనుల గోపురాలను అలాగే తీశారు. 1990లో వెనిస్ బియెనాలే అనే కళా ప్రదర్శనలో వారికి బహుమతి వచ్చింది, అదీ శిల్ప విభాగంలో. ఆకాశాన్ని చప్పగా ఉంచడం, కోణం మార్చకపోవడం వాళ్లకు ఒక ఉపాయం. మిగతావన్నీ ఒకేలా ఉంటేనే కట్టడాల మధ్య తేడా కంటికి కనబడుతుంది. మా ఆరు గోడల్లో కూడా అదే జరిగింది. పాతదానికి ఇటుక గోడ, పిట్టగోడకు సిమెంటు నగిషీ, చేత్తో రాసిన తెలుగు పేరు. ఆ రోజుల్లో చలి నిలపడానికి గోడల మధ్య ఊక నింపేవారు, తరవాత థర్మోకోల్ వచ్చింది. కొత్తదంతా పఫ్ ప్యానెళ్లు (మధ్యలో నురుగు నింపిన రేకు పలకలు), గోడే లేనట్టు నిలువు గీతలు. ఆరు ఫోటోలు పక్కపక్కన పెడితే గుంటూరు కోల్డ్ స్టోరేజీల కథ మాటల్లేకుండా తెలుస్తుంది. పెద్దాయన తన వాన చారలను అందులో వెతికి పట్టుకున్నారు.

పాతిక ఒకేలాంటి ఫోటోల్లో కనబడని కాపీ ఈ ఆరింటిలో ఆర్కిటెక్టుకు కనబడడం నాకు కొంత విచిత్రంగానే తోచింది. ఆ మాట పైకి అనలేదు. ఫోటోల పక్కన చిన్న అక్షరాల్లో పద్ధతి ఎవరిదో రాయించాను, ఆయన ఒప్పుకున్నారు.

చట్టం గురించి అడిగిన ప్రశ్న

పెద్దాయన కొడుకు వ్యాపారస్తుడు, సూటిగా అడిగారు: బోర్డులాంటి ఫోటో మన బ్రోచరులో వేస్తే ఎవరైనా కేసు పెడతారా?

నేను వకీలును కాదు, నాకు తెలిసినంత చెప్పాను. శైలికి కాపీరైటు లేదు. ఆలోచనకు కాదు, దాన్ని వ్యక్తపరిచిన తీరుకే రక్షణ అని మన సుప్రీంకోర్టు 1978లోనే ఆర్.జి. ఆనంద్ కేసులో చెప్పింది. బయట కనిపించే కట్టడాన్ని ఫోటో తీయడానికి 1957 కాపీరైటు చట్టంలోని 52వ సెక్షన్ అనుమతి ఇస్తుంది. అయితే శైలికీ ఫలానా ఫోటోకూ మధ్య గీత ఎప్పుడూ స్పష్టంగా ఉండదు. 2012లో ఇంగ్లండులో టెంపుల్ ఐలండ్ అనే కంపెనీ వేసిన కేసు ఒకటి నడిచింది. ఆ కంపెనీ బొమ్మలో బూడిద రంగు పార్లమెంటు భవనం, తెల్లటి ఆకాశం, వంతెన మీద ఎర్ర బస్సు ఒక్కటే రంగులో. ఒక టీ కంపెనీ అలాంటి బొమ్మనే సొంత ఫోటోలతో తయారుచేసుకుంది. అయినా జడ్జి బర్స్ అది ఉల్లంఘనే అన్నారు. ముందటి బొమ్మ వాళ్లకు బాగా తెలుసు, కూర్పు కూడా దగ్గరగా ఉంది. ఆ తీర్పును చాలామంది విమర్శించారు. మన కోర్టులకు అది కట్టుబాటు కాదు. కానీ బోర్డులోని ఒక ఫోటోను ముందు పెట్టుకుని అదే కోణం, అదే మబ్బు, అదే అంచు తయారుచేసేటప్పుడు దాన్ని గుర్తుంచుకోవడం మంచిది.

ఆయనకు అంతకంటే పనికొచ్చింది మరొకటి. డబ్బిచ్చి తీయించుకున్న ఫోటోకు, ఒప్పందంలో వేరుగా రాసుకోకపోతే, తీయించుకున్నవారే మొదటి హక్కుదారు. 17వ సెక్షన్ మాట అది. చాలామంది ఫోటోగ్రాఫర్లకు తెలియదు, తెలిసేసరికి ఆలస్యమవుతుంది. మేం ముందే రాసుకున్నాం: హక్కు నాది, ఆఫీసులో, బ్రోచరులో, వెబ్‌సైటులో వాడుకునే అనుమతి వారిది.

చివరికి గోడలకెక్కినవి

రిసెప్షన్‌లో తలుపు దగ్గరి పొగమంచు ఫోటో, నిలువెత్తున, రంగులో. దాని మీద చాలా చర్చ జరిగింది. టిక్కీ మోస్తున్న మనిషి ఉండకూడదని ఆర్కిటెక్టు, ఉండాల్సిందేనని పెద్దాయన. మనిషి ఉన్నాడు. ఆయన అనుమతి తీసుకున్నాం, ఆయనకూ మేస్త్రీకీ చెరొక ప్రింటు ఇచ్చాం. మెట్ల ఫోటో, గొట్టాల ఫోటో లోపలి వరండాకు వెళ్లాయి. ఆరు గోడల వరుస సమావేశ గదిలో ఉంది.

సాగిన మబ్బుల నల్ల ఫోటోను ఆర్కిటెక్టు తన విజయవాడ ఆఫీసుకు అడిగి తీసుకున్నారు. అన్నింటికంటే మంచి ఫోటో అదేనని ఇప్పటికీ అంటారు. వచ్చినవాళ్లు దాన్నే ఎక్కువ మెచ్చుకుంటారని కూడా చెప్పారు. నమ్ముతాను.

ఈ మధ్య మరో కోల్డ్ స్టోరేజీవారు ఫోన్ చేశారు. ఆ రిసెప్షన్‌లో పొగమంచు ఫోటో చూశారట, అచ్చం అలాంటిదే కావాలట, పెద్ద సైజులో. వాళ్లది పూర్తిగా పఫ్ ప్యానెళ్ల కొత్త కట్టడం. చాంబరుకు ముందు చల్లటి గది ఒకటి ఉంది, తలుపులకు ప్లాస్టిక్ పట్టీల తెరలున్నాయి. అక్కడ మంచు పుట్టే వీలు తక్కువ. పొగ యంత్రం తెప్పిస్తామని వాళ్లే అన్నారు. అది వద్దన్నాను. సరుకు తీసే వేళ ఒకసారి వచ్చి లోపల తిరిగి చూశాకే కొటేషన్ ఇస్తానని చెప్పాను, సరేనన్నారు.